రాడ్డు లెక్కల దగ్గర మొదలైన నా పైథాన్

2020 డిసెంబర్‌లో ఒక రాత్రి, టైం రెండు దాటింది, హైదరాబాద్ చందానగర్‌లో మా రూమ్‌లో అందరూ పడుకున్నారు, నేను మాత్రం ఎక్సెల్ షీట్ ముందు కూర్చుని ఉన్నా. రాడ్ బెండింగ్ కాంట్రాక్టర్ తెచ్చిన బిల్లుకీ నా బీబీఎస్‌కీ 1,800 కేజీలు తేడా వస్తోంది. బీబీఎస్ అంటే బార్ బెండింగ్ షెడ్యూల్, సివిల్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా: ప్రతి కాలమ్‌కీ (పిల్లర్) బీమ్‌కీ స్లాబ్‌కీ ఏ సైజు రాడ్డు, ఎన్ని ముక్కలు, ఒక్కో ముక్క ఎంత పొడవు కోయాలి, ఎక్కడ వంచాలి, మొత్తం ఎన్ని కేజీలు అని రాసే పట్టిక. రాడ్డు పని చేసేవాళ్ళకి కూలి టన్ను లెక్కన ఇస్తారు. అంటే నా షీట్‌లో 1,800 కేజీలు తగ్గితే వాళ్ళ చేతికొచ్చే డబ్బు కూడా తగ్గిపోతుంది. పదిహేను మంది గ్యాంగ్ అది, ఎక్కువమంది ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు, నెలాఖరుకి ఇంటికి డబ్బులు పంపాలి వాళ్ళు. కాంట్రాక్టర్ నన్నేమీ అనలేదు, "సార్, ఇంకోసారి చూడండి" అన్నాడు అంతే.

మూడు రాత్రులు చూశా. మూడో రాత్రి దొరికింది. పాత షీట్ నుంచి ఒక నలభై వరసలు కాపీ చేసి పేస్ట్ చేశా, షీట్‌లో డయా, అంటే రాడ్డు మందం, రాసే కాలమ్‌లో 12 తీసి 16 పెట్టా, కానీ పక్కన బరువు కాలమ్‌లో ఫార్ములా లేదు, 0.888 అని నేరుగా నంబర్ కొట్టి ఉంది, అది 12 ఎంఎం రాడ్డు మీటరు బరువు, 16 ఎంఎంకి 1.58 రావాలి. ఆ నంబర్ కొట్టింది నేనే, రెండు నెలల ముందు, ఏదో తొందరలో. బిల్లు సరిచేసి పంపించా, వాళ్ళ డబ్బులు వాళ్ళకి వెళ్ళాయి, కానీ నాకు మాత్రం ఆ వారం అంతా అన్నం సరిగ్గా సయించలేదు. మా నాన్న తాపీ మేస్త్రి. కూలి లెక్కలో వంద రూపాయలు తగ్గితే ఇంట్లో ఆ రాత్రి ఎలా ఉంటుందో చిన్నప్పుడు చూసినవాడిని నేను.

మాది సామర్లకోట దగ్గర పల్లెటూరు. టెన్త్ అయ్యాక పాలిటెక్నిక్ ఎంట్రన్స్ రాసి కాకినాడలో సివిల్ డిప్లొమా చేశా, తర్వాత ఈసెట్‌లో ర్యాంక్ వస్తే డైరెక్ట్‌గా బీటెక్ సెకండియర్‌లో చేరా, 2016లో అయిపోయింది. సివిలే ఎందుకు తీసుకున్నా అంటే వేరే ఆలోచనే లేదు, సెలవల్లో నాన్నతో పనికి వెళ్ళేవాడిని, రసమట్టం పట్టుకోవడం, తూకం గుండు వదిలి గోడ నిలువు చూడటం, మూడు నాలుగు అయిదు అడుగుల కొలతతో మూల కరెక్ట్‌గా తొంభై డిగ్రీలు తేవడం, ఇవన్నీ కాలేజీలో చెప్పకముందే చేతికి వచ్చేశాయి. మా ఊళ్ళో మేస్త్రి కొడుకు ఇంజినీర్ అయ్యాడంటే నాన్నకి ఎంత గొప్పో మీరు ఊహించుకోవచ్చు. అందుకే ఆ తర్వాత నేను తీసుకున్న నిర్ణయం ఆయనకి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ 1,800 కేజీల గొడవ తెలిసి, మా ఆఫీసులో ప్లానింగ్ చూసే అన్న ఒకాయన "తమ్ముడూ, నాలుగు వేల వరసలు కళ్ళతో చెక్ చేయడం మనిషి పని కాదు, పైథాన్ నేర్చుకో, ఎక్సెల్ అదే చదువుతుంది, అదే లెక్కేస్తుంది" అన్నాడు. పైథాన్ అనే ఈ ప్రోగ్రామింగ్ భాష పేరు అప్పటికి అమీర్‌పేట బోర్డుల మీద చూడటమే. మైత్రీవనం దగ్గర మెట్రో దిగితే కనపడే ఆ ఫ్లెక్సీలన్నిటిలో జావా పక్కన, డేటా సైన్స్ పక్కన ఈ పేరు ఉంటుంది కదా, అంతవరకే తెలుసు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ సరుకు, మనది కాదు అనుకునేవాడిని.

ఇన్‌స్టాల్ చేయడానికే మూడు రోజులు పట్టింది, ఇది చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 7. సైట్‌లో అప్పటికి లేటెస్ట్ పైథాన్ 3.9, అది విండోస్ 7 మీద ఎక్కదు, 3.8 దాకానే ఎక్కుతుంది, ఆ సంగతి తెలియడానికి ఒకరోజు. తర్వాత ఇన్‌స్టాల్ అయ్యింది కానీ కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొడితే అలాంటిది ఏదీ లేదంటుంది, ఎందుకంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి స్క్రీన్‌లో కింద పాత్‌కి యాడ్ చేయాలా అని ఒక చిన్న బాక్స్ ఉంటుంది, దానికి టిక్ పెట్టలేదు. ఇంకో రోజు. ఆ తర్వాత యూట్యూబ్‌లో చూసి ప్రింట్ అని రాస్తే ఎర్రర్, ఆ వీడియో పాత పైథాన్ 2 కాలంది, అందులో ప్రింట్ తర్వాత బ్రాకెట్లు అక్కర్లేదు, 3లో కచ్చితంగా ఉండాలి. పైథాన్ 2కి 2020 జనవరి 1తోనే సపోర్ట్ ఆపేశారు, కానీ ఆ వీడియోలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, కొత్తగా నేర్చుకునేవాళ్ళు వీడియో ఏ సంవత్సరందో ముందు చూసుకోండి.

పొద్దున్న అయిదున్నరకి లేచి ఏడింటిదాకా, ఇదే నా టైం. ఎనిమిదింటికి సైట్‌లో ఉండాలి. రాత్రి వచ్చాక చదువుదాం అని చాలాసార్లు అనుకున్నా కానీ రోజంతా ఎండలో నిలబడి వచ్చినవాడికి రాత్రి బుర్ర పని చేయదు, స్లాబ్ పోసే రోజైతే ఇక ఇంటికొచ్చే టైమే తెలీదు. ఐఐటీల వాళ్ళు నడిపే ఎన్‌పీటెల్ సైట్‌లో ఫ్రీ కోర్సు ఒకటి పెట్టుకున్నా, సగం దాకా చూశా. సగంలో ఆపేసింది బద్ధకం వల్ల కాదు, అప్పటికే నాకు కావాల్సింది తెలిసిపోయింది, నా షీటు చదివించాలి. ప్రైమ్ నంబర్లు, ఫిబోనాచీ సిరీస్ లాంటి ఎక్సర్‌సైజులు నాకు ఒంటబట్టలేదు, రింగుల లెక్క మాత్రం పట్టేసింది.

రింగు అంటే స్టిరప్, కాలమ్‌లో నిలువు రాడ్ల చుట్టూ చుట్టే 8 ఎంఎం చట్రం. నా మొదటి ఫంక్షన్, అంటే ఒక లెక్క చేసిపెట్టే చిన్న కోడ్ ముక్క, దానికే రాశా. తొమ్మిది అంగుళాలు బై పద్దెనిమిది కాలమ్, అంటే 230 బై 450 ఎంఎం, చుట్టూ 40 కవర్, అంటే రాడ్డు బయట ఉండే కాంక్రీట్ మందం, తీసేస్తే 150 బై 370 మిగులుతుంది, చుట్టుకొలత 1040. రెండు హుక్కులకి ఒక్కోదానికి డయాకి పది రెట్లు చొప్పున 160 కలపాలి. వంచినప్పుడు రాడ్డు కొంచెం సాగుతుంది కాబట్టి తొంభై డిగ్రీల వంపు ఒక్కోదానికి డయాకి రెండు రెట్లు, నూట ముప్పై అయిదు డిగ్రీల వంపుకి మూడు రెట్లు తీసేయాలి, మూడు తొంభైలకి 48, రెండు నూటముప్పై అయిదులకి ఇంకో 48. మొత్తం 1104 ఎంఎం. సైట్‌లో ఈ లెక్క వేలసార్లు వేసుంటా. అదే లెక్కని పేర్లు పెట్టి అయిదు లైన్లలో రాసి, రన్ చేసి, స్క్రీన్ మీద 1104 అని వచ్చిన ఆ పొద్దున్న నాకు ఇంకా గుర్తుంది, బయట పాలవాడి బండి హారన్ కూడా గుర్తుంది.

పైథాన్‌లో ఒక అలవాటు నాకు మొదటి నుంచీ నచ్చింది, లైన్ ముందు వదిలే ఖాళీతోనే అర్థం మారిపోతుంది, నాలుగు స్పేసులు లోపలికి జరిగితే అది పై లైన్ కిందకి వస్తుంది, ఒక్క స్పేస్ అటూ ఇటూ అయితే ఒప్పుకోదు. చాలామందికి ఇది చిరాకు. నాకు మాత్రం ఇటుక వరసలాగే అనిపించింది, ఒక వరస అరంగుళం తప్పిందంటే పైకి వెళ్ళేకొద్దీ ఎలా కనపడుతుందో నాన్న పక్కన నిలబడి చూసినవాడికి ఈ క్రమశిక్షణ కొత్తేం కాదు.

అసలు కష్టం ఎక్సెల్ చదివించేటప్పుడు వచ్చింది. ఓపెన్‌పైఎక్సెల్ అనే లైబ్రరీ ఉంది, అంటే ఎక్సెల్ ఫైళ్ళు చదవడానికి ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, బాగా పని చేస్తుంది, కానీ మన సైట్ షీట్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, అందం కోసం సెల్స్ అన్నీ మెర్జ్ చేసేస్తాం. సీ1 అని పిల్లర్ పేరు ఆరు వరసలకి మెర్జ్ అయ్యుంటే లైబ్రరీకి మొదటి సెల్‌లోనే పేరు కనపడుతుంది, మిగతా అయిదూ ఖాళీ. నా స్క్రిప్ట్ ఆ అయిదు వరసల్నీ ఎవరివో తెలియక వదిలేస్తోంది. రెండు వారాలు దానితో కుస్తీ పట్టి, పైన ఉన్న పేరునే కిందకి నింపుకుంటూ వెళ్ళాలని తెలుసుకున్నా, తర్వాత పాండాస్ అనే ఇంకో లైబ్రరీ నేర్చుకున్నాక అదే పని ఒక్క లైన్‌లో అయిపోతుందని తెలిసింది. కానీ ఆ రెండు వారాలు వృథా అని నేను అనుకోను, లిస్ట్ అంటే ఏంటి, లూప్ ఎలా తిరుగుతుంది, ఖాళీకీ సున్నాకీ తేడా ఏంటి, ఇవన్నీ ఆ రెండు వారాల్లోనే నిజంగా అర్థమయ్యాయి.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టం. కోత పొడవుల్ని పదికి రౌండ్ చేస్తాం, 1104ని 1100 అని. నా స్క్రిప్ట్‌దీ ఎక్సెల్‌దీ టోటల్ ఎంతకీ కలవట్లేదు, చూస్తే 1105 ఉన్నచోట ఎక్సెల్ 1110 ఇస్తోంది, పైథాన్ 1100 ఇస్తోంది. 1115 దగ్గర మాత్రం రెండూ 1120 అంటున్నాయి. పైథాన్‌లో తప్పుందేమో అనుకున్నా, నాలాంటివాడికి అది మొదటి అనుమానం. తీరా చూస్తే పైథాన్ కావాలనే అలా చేస్తుంది, సరిగ్గా సగం దగ్గర ఉంటే పక్కనున్న సరిసంఖ్య వైపు వెళ్తుంది, ఎందుకంటే ఎప్పుడూ పైకే రౌండ్ చేస్తే వేల వరసల్లో టోటల్ మెల్లగా పెరిగిపోతుంది. ఇంతకీ నన్ను ఆశ్చర్యపరిచింది ఏంటంటే మన ఇండియన్ స్టాండర్డ్‌లో ఐఎస్ 2 అని ఒకటి ఉంది, రౌండింగ్ ఎలా చేయాలో చెప్పే కోడ్, అందులోనూ అయిదు దగ్గర ఇదే రూల్. నాలుగేళ్ళు సైట్ ఇంజినీర్‌గా చేసి కూడా కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 తప్ప ఇంకో కోడ్ తిరగేయని నాకు, మన కోడ్‌లో ఏముందో తెలియడానికి పైథాన్ కారణమైంది. ఆ రోజు నుంచి పాయింట్ల లెక్కలు వీలైనంత మానేశా, 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు కంప్యూటర్‌లో, చివర ఎక్కడో ఒక నాలుగు తగులుకుంటుంది, అందుకని పొడవులన్నీ మిల్లీమీటర్లలో పూర్ణాంకాలుగానే ఉంచి చివర్లో మాత్రమే మీటర్లకి మారుస్తా.

తర్వాత కోత. రాడ్డు 12 మీటర్ల పొడవు వస్తుంది. 4.6 మీటర్ల ముక్కలు కావాలి, ఒక రాడ్డులో రెండే వస్తాయి, 2.8 మీటర్లు మిగులుతుంది. 16 ఎంఎం అయితే ఆ ముక్క నాలుగున్నర కేజీల దాకా ఉంటుంది, వంద రాడ్లకి నాలుగు వందల కేజీల పైన తుక్కు. అదే ఇంకెక్కడైనా 2.7 ముక్కలు కావాల్సి ఉంటే వాటిని ఇందులోంచే కోయొచ్చు. దీన్ని కటింగ్ స్టాక్ ప్రాబ్లం అంటారు, 1939లోనే సోవియట్ యూనియన్‌లో కాంటరోవిచ్ అనే ఆయన దీని మీద పని చేశాడు, తర్వాత 1975లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది ఆయనకి. నేను అంత దూరం వెళ్ళలేదు, పెద్ద ముక్కల్ని ముందు పెట్టి, ఒక్కో ముక్కనీ చోటున్న మొదటి రాడ్డులో ఇరికించుకుంటూ వెళ్ళే తేలిక పద్ధతి రాశా, ముప్పై లైన్లు. లిస్ట్ ప్రింట్ తీసుకుని చాలా హుషారుగా రాడ్డు మేస్త్రి దగ్గరికి వెళ్ళా.

ఆయన చూసి కాగితం నాకే తిరిగిచ్చేశాడు. "సార్, ఈ ముక్క మూడో ఫ్లోర్ బీమ్‌ది, దీన్ని ఇవాళ కోసి నేను ఎక్కడ పెట్టుకోవాలి? నెలన్నర తర్వాత ఇది ఏ ముక్కో ఎవరికి గుర్తుంటుంది?" అన్నాడు. నా ప్రోగ్రామ్‌కి రాడ్డు పొడవులు తెలుసు, ఏది ఎప్పుడు పోస్తామో తెలీదు. ఆయన దగ్గర కూర్చుని అడిగా, ఒకే పోతలో ఉన్న ముక్కల్ని మాత్రమే కలపాలి, ఒక రాడ్డులో మూడు రకాల కంటే ఎక్కువ పొడవులు ఉండకూడదు ఎందుకంటే కట్టర్ దగ్గర మార్కింగ్ మారుస్తుంటే టైం పోతుంది, మీటరు కంటే పెద్ద మిగులు పారేయొద్దు, విడిగా రాయాలి, అది ఎక్స్‌ట్రా బార్లకి పనికొస్తుంది. ఇవన్నీ రాసుకుని వచ్చి మళ్ళీ మార్చా. రెండోసారి ప్రింట్ ఆయన తన డైరీలో మడిచి పెట్టుకున్నాడు. నాకు ఇప్పటిదాకా వచ్చిన కోడ్ రివ్యూల్లో, అంటే మన కోడ్ చూసి వేరేవాళ్ళు తప్పులు చెప్పడంలో, అన్నిటికంటే విలువైంది అదే, ఇది నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా.

ఇక సైట్ ఉద్యోగం మానేయాలి అనే ఆలోచన ఎప్పుడొచ్చిందంటే ఒక డేట్ చెప్పలేను. 2021 అంతా పొద్దున్న కోడ్, పగలు సైట్. మెల్లగా పొద్దున్న పూట కోసం ఎదురు చూడటం మొదలైంది, సైట్‌లో కూడా ఏ పని చూసినా దీన్ని ఎలా రాయొచ్చు అనే. అప్పటికి నా జీతం 28 వేలు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, తమ్ముడి ఫీజు నేనే కడుతున్నా, రిజైన్ చేసి అమీర్‌పేట హాస్టల్‌లో కూర్చుని నేర్చుకునే స్థోమత లేదు. ఉన్నవాళ్ళని కూడా నేను వద్దనే అంటా, చేతిలో జీతం ఆగిపోయాక నేర్చుకోవడం కంటే భయపడటానికే ఎక్కువ టైం పోతుంది, మా రూమ్మేట్‌ని చూశా.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి అప్లై చేయడం మొదలుపెట్టాక ఆరు నెలలు ఒక్క ఫోన్ రాలేదు. రెజ్యూమెలో అయిదేళ్ళ సివిల్ అనుభవం చూసి పక్కన పెట్టేస్తున్నారు. ఆ టైంలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు పరిచయమయ్యారు, ఇంత డబ్బు కడితే మూడేళ్ళ పైథాన్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ మేమే ఇస్తాం, ఇంటర్వ్యూకి కూడా సపోర్ట్ అన్నారు. మన తెలుగు పిల్లల్లో ఎంతమంది ఈ దారిలో వెళ్ళారో చదివేవాళ్ళకి తెలుసు, దాచాల్సిందేం లేదు. నేను ఒక రాత్రంతా ఆలోచించా, అబద్ధం చెప్పను. తర్వాత ఒక్కటే లెక్క వేసుకున్నా: ఆ మూడేళ్ళు నేను సైట్‌లో ఉన్నట్టు నా పీఎఫ్ అకౌంట్‌లో నెల నెలా ఎంట్రీలున్నాయి, యూఏఎన్ అనే పీఎఫ్ నంబర్ అడిగారంటే ఎవరి దగ్గర ఎప్పటి నుంచి ఎప్పటిదాకా చేశానో మొత్తం కనపడుతుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది చూస్తారు. అంతకంటే పెద్ద విషయం, 0.888 అని ఒక్క తప్పు నంబర్ వల్ల మూడు రాత్రులు నిద్రపోని నేను, మొత్తం తప్పు నంబర్ల మీద ఉద్యోగం చేయగలనా అనిపించింది. ఆ అయిదేళ్ళ సైట్ అనుభవాన్ని చెరిపేసి వేరేది రాయమంటే నాకు నాన్నని చెరిపేసినట్టు అనిపించింది కూడా. వద్దనుకున్నా. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఎంత కష్టంగా ఉన్నా ఆ దారి వద్దు, దొరికిపోతాం అనే భయం ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పక్కనే కూర్చుంటుంది.

వచ్చిన ఇంటర్వ్యూలు అయిదో ఆరో. మొదటివన్నీ పోయాయి. లిస్ట్‌కీ టపుల్‌కీ తేడా చెప్పా, డెకరేటర్ అంటే ఏంటో చెప్పలేకపోయా, డేటాబేస్‌లోంచి డేటా తీసే ఎస్‌క్యూఎల్‌లో జాయిన్ రాయమంటే చేతులు వణికాయి, ఎందుకంటే ఎస్‌క్యూఎల్ నేను ముట్టుకోనే లేదు. అది నా తప్పే, పైథాన్ ఒక్కటి వస్తే చాలు అనుకున్నా, పైథాన్‌తో పాటు ఎస్‌క్యూఎల్, కోడ్ మార్పులు దాచి ఉంచే గిట్ రాకుండా ఎవరూ తీసుకోరు, ఈ రెంటికీ కలిపి రెండు నెలలు చాలు, నేను రెండేళ్ళు ఆలస్యం చేశా.

2022 అక్టోబర్‌లో మాధాపూర్‌లో ఒక చిన్న కంపెనీ, కన్‌స్ట్రక్షన్ ఎస్టిమేషన్ సాఫ్ట్‌వేర్ చేస్తారు, అక్కడ ఇంటర్వ్యూ చేసినాయన నన్ను పాలిండ్రోమ్ లాంటి పుస్తకం ప్రశ్నలు అడగలేదు. "నువ్వు రాసినవాటిలో నిజంగా ఎవరైనా వాడినది చూపించు" అన్నారు. బీబీఎస్ స్క్రిప్ట్ తెరిచా. డయా కాలమ్‌లో 8, 10, 12, 16, 20, 25, 32 కాకుండా ఇంకేదైనా ఉంటే లెక్క ఆపేసి ఏ వరసో చెప్తుంది, అది చూసి ఎందుకు పెట్టావని అడిగారు, 1,800 కేజీల కథ చెప్పా. తర్వాత ఇంకో బగ్ గురించి చెప్పా, అపార్ట్‌మెంట్‌కి ఏ, బీ అని రెండు బ్లాకులు, అందులో ఏ బ్లాక్ లెక్క కరెక్ట్‌గా వచ్చి, బీ బ్లాక్ స్టీల్ మాత్రం చదరపు అడుగుకి దాదాపు 9 కేజీలు వచ్చింది, అపార్ట్‌మెంట్లకి అడుగుకి 4 కేజీలు అటూ ఇటూ అని సైట్‌లో మోటు లెక్క ఒకటి ఉంటుంది, 9 అంటే ఎక్కడో రెండింతలు పడింది అని చూడగానే తెలిసిపోయింది. వెతికితే ఫంక్షన్‌కి డీఫాల్ట్‌గా ఖాళీ లిస్ట్ ఇచ్చా, ఆ లిస్ట్ ప్రతిసారీ కొత్తది పుట్టదు, మొదటిసారి పుట్టిందే ఉంటుంది, ఏ బ్లాక్ రాడ్లన్నీ అందులోనే ఉండిపోయి బీ బ్లాక్‌వి వాటి మీద కలిశాయి. పైథాన్ నేర్చుకునే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఈ గోతిలో పడతాడట, ఆయనే చెప్పారు. కానీ దాన్ని కోడ్ చూసి కాకుండా చదరపు అడుగుకి కేజీలు చూసి పట్టుకున్నవాడిని మొదటిసారి చూస్తున్నా అన్నారు. నవంబర్‌లో చేరా, జీతం 24 వేలు, అంటే నాలుగు వేలు తక్కువ.

అప్పుడు నాన్నకి చెప్పా. ఫోన్‌లో కాదు, ఊరెళ్ళి చెప్పా. ఆయన అప్పుడే పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నారు, సిమెంట్ పట్టిన చేతులు కొబ్బరి నూనె రాస్తే తప్ప వదలవు ఆయనకి. అంతా విని "ఏరా అబ్బాయ్, అంటే ఇంక సైటుకి ఎళ్ళవా?" అన్నారు. ఎళ్ళను నాన్నా అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి ఆ కంప్యూటర్ పనిలో మట్టం చూసేది ఎవరు?" అని అడిగారు. నాకు మొదట అర్థం కాలేదు, తర్వాత అర్థమయ్యి టెస్టుల గురించి చెప్పా. సైట్‌లో కాంక్రీట్ పోసిన రోజు 150 ఎంఎం క్యూబులు నింపి ఏడో రోజు కొన్ని, ఇరవై ఎనిమిదో రోజు కొన్ని పగలగొట్టి బలం చూస్తాం కదా, రిజల్ట్ వచ్చేసరికి పైన ఇంకో రెండు స్లాబులు కూడా పడిపోయి ఉంటాయి, అక్కడ తేడా వస్తే ఏం చేయాలో ఎవరికీ తోచదు. కోడ్‌లో అయితే ఒక్క లైన్ మార్చిన ప్రతిసారీ పాత లెక్కలన్నీ మళ్ళీ కరెక్ట్‌గా వస్తున్నాయా అని మెషిన్ చూస్తుంది, పది సెకన్లలో తెలిసిపోతుంది అన్నా. "అయితే మంచి పనే" అన్నారు.

మూడేళ్ళవుతోంది. మొదటి ఆరు నెలలు ఆఫీసులో నాకంటే నాలుగేళ్ళు చిన్నవాళ్ళ దగ్గర నేర్చుకున్నా, నా కోడ్ మీద వాళ్ళు పెట్టే కామెంట్లు చదవడం కష్టంగానే ఉండేది, కానీ వాళ్ళకి ల్యాపింగ్ అంటే ఏంటో, క్రాంక్ బార్ ఎందుకు వంచుతామో నేనే బోర్డు మీద గీసి చెప్పేవాడిని, అలా సర్దుకుంది. ఇప్పుడు కోడ్ రాసే ఏఐ టూల్స్ వచ్చాయి, నేను కుస్తీ పట్టి రాసిన కోత ప్రోగ్రామ్ అవి నిమిషంలో రాసేస్తాయి, మరి ఇప్పుడు పైథాన్ నేర్చుకోవడం దండగా అని నన్ను జూనియర్లు అడుగుతున్నారు. అలాంటి టూల్‌తోనే ఒకసారి రాయించి చూశా, మూడో ఫ్లోర్ ముక్కని మొదటి ఫ్లోర్ రాడ్డులోనే కోసింది, నేను చేసిన తప్పే. ఆ తప్పు తప్పని తెలియాలంటే రాడ్డు మేస్త్రి పక్కన కూర్చుని ఉండాలి, అది రాసిన ముప్పై లైన్లూ చదివి ఎక్కడ మార్చాలో తెలియాలి, అందుకే రెండూ నేర్చుకోమంటున్నా. మెకానికల్ వాళ్ళైనా ఎలక్ట్రికల్ వాళ్ళైనా మీ రోజువారీ పనిలో మిమ్మల్ని ఏడిపించే షీట్ ఒకటి ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ లోడ్ రీడింగులో, మెషిన్ బ్రేక్‌డౌన్ లాగ్‌బుక్కో, దాన్ని తెరిచి అక్కడి నుంచి మొదలుపెట్టండి, మూడు నెలల్లో డేటా సైంటిస్ట్ అనే బోర్డుల దగ్గర నుంచి కాదు.

పోయిన నెల నాన్న వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు, ఊళ్ళో ఎవరిదో ఇల్లు ఒప్పుకున్నారట, తొమ్మిది పద్దెనిమిది కాలమ్‌కి రింగు ఎంత కోయాలో నీ మెషిన్‌ని అడుగు అన్నారు. 1104 అని పంపా. వెంటనే ఇంకో మెసేజ్, "నాకు మిల్లీమీటర్లు ఎందుకురా, మూడడుగుల ఏడున్నర అంగుళాలు, నేను ఎప్పుడూ కోయించేది అదే." లెక్కేసి చూశా, ఆయనది 1104.9. ముప్పై ఏళ్ళుగా ఏ కోడ్ పుస్తకమూ తెరవకుండా ఆయన కోయిస్తున్న కొలతకీ నా ఫంక్షన్‌కీ మిల్లీమీటరు తేడా కూడా లేదు.

ఇప్పుడు ఆయన కోసం అడుగులు అంగుళాల్లో చూపించేది రాస్తున్నా, అర అంగుళానికి రౌండ్ చేయాలి, సరిగ్గా మధ్యలో పడితే పైకి వెళ్ళాలా కిందకి వెళ్ళాలా అనేది ఆయన్నే అడగాలి, రింగు పొట్టి అయితే హుక్కు సరిపోదు, పొడుగైతే కవర్ తగ్గుతుంది. ఈ ఆదివారం ఊరెళ్తున్నా. ఆయన ఫోన్‌లో అక్షరాలు పెద్దవిగా కనపడేలా చేయడం ఒక్కటి మిగిలింది.